ఆకుపచ్చ తలుపుకు నా తాళం

బావగారికి, అక్కకు నమస్కారాలు.

శని, ఆదివారాలు ముగ్గురం సముద్రం ఒడ్డున మా ఇంట్లో గడుపుదామనుకున్నాం. తోటి డ్రైవరుకు జ్వరం పట్టుకుంది. ఆ రెండు రోజులూ బస్సు నా మెడకే చుట్టుకుంది. మీరు మాత్రం ప్రయాణం మానుకోకండి. నీలం తలుపు ఇల్లు. తాళంచెవి పూలకుండీ కింద పెట్టాను.

మీ బావమరిది

తా.క. రంగు చూసుకోండి. పక్కిల్లు అచ్చం మా ఇంటిలాగే ఉంటుంది.

*

బావమరిదికి దీవెనలు.

నువ్వు లేకపోయినా హాయిగా గడిచింది. కానీ నీలం తలుపని రాసి దానికి ఆకుపచ్చ రంగు వేసుకున్న మనిషిని నిన్నే చూశాను. కుండీ కూడా లేదు. పక్కింటికి పోయి చూద్దామంది మీ అక్క. నేను వినలేదు. నాకు అక్షరాలు అంతంతమాత్రమే గానీ నా తాళాన్ని నేను గుర్తుపట్టనా? నువ్వు ఇల్లు కట్టినప్పుడు నేను చేసి పంపిన ఇత్తడి తాళం, అడుగున నా గాటు. మీ అక్క తలపిన్నుతో రెండు నిమిషాల్లో తీశాను.

శనివారం మధ్యాహ్నం ఒక ముసలాయన సంచీతో వచ్చి గుమ్మంలో కొయ్యబారిపోయాడు. చేతిలో తాళంచెవి. అది నాకెందుకు దొరకలేదో అప్పుడర్థమైంది. ఒకేసారి రెండిళ్ల చుట్టాలను పిలుస్తావా? ఏదో చెప్పబోయాడు. "మొహమాటపడకు, ఇది మా బావమరిది ఇల్లే" అని కూర్చోబెట్టాను. ఏం పని చేసేవాడివంటే, రోజంతా కూర్చుని జనం చెప్పేది వినేవాణ్ణన్నాడు. ఒట్టి సోమరి. గిన్నెలు తోమించాను. అయినా మంచివాడే, ఆదివారం సాయంత్రం మమ్మల్ని బస్సెక్కించాడు.

మీ బావ

తా.క. మంచం ఒక్కటే కదా, ఆయన్ని వరండాలో పడుకోబెట్టాం. తాళంచెవి లాక్కున్నాను. మీ అక్క కొంగుకు ఉంది.

*

బావగారికి,

మీ ఉత్తరం చదివి బస్సు వదిలేసి ఇంటికి పరుగెత్తాను. నా తాళంచెవి కుండీ కింద పెట్టినచోటే ఉంది. మీరు తీసింది పక్కింటి తాళం. గిన్నెలు తోమించింది ఆ ఇంటి యజమానితో. ఆయన రిటైరైన జడ్జిగారు.

మీ బావమరిది

తా.క. గట్టి తాళం కావాలని ఆయన అడిగితే పోయినేడు మీ తాళం నేనే ఇచ్చేశాను. మీకు చెప్పే ధైర్యం లేకపోయింది.

*

బావమరిదికి,

మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు. నలభై ఏళ్లలో యజమాని పక్కన లేకుండా ఒక్క తాళం ముట్టుకోలేదు. అదొక్కటే నా పరువు. అదీ పోయింది. నా తాళాల కొట్టు మూసేశాను. ఆదివారం వచ్చి ఆయన ముందు నిలబడతాను, ఏ శిక్ష వేసినా సరే. చెప్పి ఉంచు.

మీ బావ

తా.క. నేనిచ్చిన తాళం పక్కింటికిస్తావా? జడ్జిగారి పని అయ్యాక నీ పని చెబుతాను.

*

బావగారికి,

మీ ఉత్తరం జడ్జిగారికి చదివి వినిపించాను. అప్పుడే ఎందుకు నోరు విప్పలేదని అడిగాను. ఆయన భార్య పోయి నాలుగేళ్లు. "వచ్చేసరికి పొయ్యి వెలుగుతోంది. లోపల ఎవరో ఎవరినో కసురుతున్నారు. ఇల్లు నాదంటే వాళ్లు లేచి వెళ్లిపోతారు కదయ్యా" అన్నారు.

కొట్టు తెరవండి. ఆదివారం కుదరదట, శనివారమే అక్కను తీసుకుని రావాలట. తాళంచెవి ఇకమీదట అక్క దగ్గరే ఉండాలట. అదే ఆయన తీర్పు.

మీ బావమరిది

తా.క. గిన్నెలు ఆయనే తోముతారట. మంచం మాత్రం ఈసారి ఆయనకేనట.