చెత్తబుట్టలో వేసిన రాత్రి

ఫిబ్రవరి 27, గురువారం

ఈ రోజు మనవరాలు తన చేతులతో తానే తెచ్చి ఇచ్చింది. మూడు గుడ్డ పట్టీలు, నల్లవి, మణికట్టుకు కట్టుకునేవి. అవే టికెట్లట. వచ్చే ఎనిమిదో తేదీ శనివారం రాత్రి పదకొండు నుంచి తెల్లవారే దాకా హార్డ్‌కోర్ రేవ్ అట, చెవులు పగిలే మోతకు గుంపుగా ఎగరడం. తనూ, కాలేజీ స్నేహితురాళ్ళు ఇద్దరూ. సోమవారం అనాటమీ పరీక్ష. ఫిజియోథెరపీ రెండో సంవత్సరం అంటే ఆటలా? వద్దన్నాను.

అమ్మా నాన్నా సరే అన్నారు నాయనమ్మా అంది. వాళ్ళు దేనికైనా సరే అంటారు. కాదు అనడమే ఈ ఇంట్లో నా ఉద్యోగం. ముప్పై నాలుగేళ్ళు ఆడిట్‌లో చేసిందీ అదే.

చదవడం అయిపోయింది అంది. పుస్తకం తెచ్చి ఎక్కడైనా అడుగు అంది. నేను అడగలేదు. ఎనిమిది నెలలు ఆదివారాలన్నీ బేకరీ కౌంటర్‌లో నిలబడి కొనుక్కున్నాను అంది. అందుకే మరీ వద్దన్నాను. కష్టపడి సంపాదించిన డబ్బును గాలికి వదిలేసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

అక్కడ వాయించే ఆవిడను సుత్తి అంటారట. చెవులు దెబ్బతిని, ఆ రాత్రితో మానేస్తోందట. పదిహేనేళ్ళ వయసు నుంచీ వింటున్నాను, ఎదురుగా ఒక్కసారి వినాలి, ఇక ఎప్పటికీ ఉండదు నాయనమ్మా అంది.

చివరికి పట్టీలు నా బల్ల మీద పెట్టింది. చెప్పకుండా వెళ్ళిపోవచ్చు, కానీ నీకు చెప్పకుండా నేనెక్కడికీ వెళ్ళను, నీ ఇష్టం అంది. చెత్తబుట్టలో వేస్తున్నానన్నాను.

ఏడవలేదు. మంచి పిల్ల.

ఫిబ్రవరి 28, శుక్రవారం

వేయలేదు. వాటి వెనుక అచ్చు వేసి ఉంది: డబ్బు వాపసు ఇవ్వబడదు.

మార్చి 3, సోమవారం

పిల్ల ముభావంగా ఉంది. అడిగినదానికి ఊ అంటోంది. తిన్న కంచం కడుక్కుని గదిలోకి పోతోంది. పట్టీలు నిజంగా పారేశావా అని మాత్రం ఈ ఉదయం అడిగింది. పారేశానన్నాను. చెత్తబండి కూడా వచ్చి వెళ్ళిపోయిందన్నాను. అవసరం లేని వివరం. దొంగ వోచర్లలోనే వివరాలు ఎక్కువ ఉంటాయని ట్రైనీలకు చెప్పేది నేనే.

మార్చి 5, బుధవారం

పొద్దుటి నడకలో వదినగారికీ సైలెన్స్‌కీ చెప్పాను. వదినగారంటే మా వియ్యపురాలు, కోడలి తల్లి. సైలెన్స్ లైబ్రేరియన్‌గా రిటైరయింది. ముప్పై ఏళ్ళు అనీ అనీ ఆ మాటే ఆమెకు పేరుగా స్థిరపడింది. మూడు టికెట్లున్నాయి, ఎవరో రాలేక వదిలేశారు, పారేయడానికి మనసొప్పడం లేదు అన్నాను.

సంగీతమా అంది వదినగారు. అలాంటిదే అన్నాను. ఎవరిదంది. సుత్తి అనే ఆవిడ అన్నాను. ఇద్దరూ నడక ఆపేసి, ఒకరినొకరు పట్టుకుని నవ్వారు. నువ్వుండగా ఆ పేరు ఇంకొకళ్ళకెలా పోయింది వదినా అని ఆమె. ఇన్నేళ్ళూ దీని సుత్తి ఉచితంగానే విన్నాం కదా, దానికి మళ్ళీ టికెట్టా అని ఈమె. నేనూ కొంచెం నవ్వాను.

నేను వెళ్ళేది సరదాకు కాదు. పిల్లలు ఎలాంటి చోట్లకు పోతున్నారో కళ్ళారా చూడాలి. ఆఫీసులో దాన్ని ప్రత్యక్ష తనిఖీ అనేవాళ్ళం. కాగితం చూసి సంతకం పెట్టకూడదు. గోడౌన్ తలుపు తీయించి చూసి పెట్టాలి. నేను వద్దన్నది సబబో కాదో తేలాలంటే వెళ్ళక తప్పదు.

రాసుకున్నాక చదివితే బాగానే ఉంది.

మార్చి 8, శనివారం, రాత్రి 9

వదినగారికి నలతగా ఉందని, తోడు పడుకుంటానని ఇంట్లో చెప్పాను. అబ్బాయి ఆటో పిలిచాడు. ఉన్ని టోపీ, నడక బూట్లు, మోకాలి తొడుగు సర్దుకున్నాను. పిల్ల తన గదిలో ఎముకల పేర్లు పైకి వల్లె వేస్తోంది. హాల్లోకి వినబడుతున్నాయి. ఒక్కటీ తప్పడం లేదు.

మార్చి 9, ఆదివారం, ఉదయం 6.30

చేరాను. ఇప్పుడు రాయలేను.

మార్చి 9, సాయంత్రం

ఊరి చివర మూతబడ్డ సీసాల ఫ్యాక్టరీ. గేటు దగ్గరి గడ్డపు మనిషి మా పట్టీలు చూశాడు, మా మొహాలు చూశాడు, మళ్ళీ పట్టీలు చూశాడు. పద్దెనిమిది నిండినవాళ్ళకే ప్రవేశం అన్నాడు, నవ్వకుండా. మూడుసార్లు నిండాయి నాయనా, ఇంకా చిల్లర మిగిలింది అంది వదినగారు. అతను తలవంచి దారి ఇచ్చి, చెవుల్లో పెట్టుకోవడానికి తలా రెండు స్పంజి బిరడాలు చేతిలో పోశాడు.

లోపల చీకటి, పొగ, నీలం దీపాలు. శబ్దం చెవుల్లోంచి కాక అరికాళ్ళలోంచి ఎక్కింది. పక్కటెముకలు అదిరాయి. కట్టుడుపళ్ళ సైలెన్స్ నోరు బిగించి మూసుకుంది. నేను గోడకు ఆనుకుని గడియారం చూస్తూ లెక్కపెట్టాను. నిమిషానికి నూట ఎనభై దెబ్బలు. గుండె ఇలా కొట్టుకుంటే ఆసుపత్రిలో చేర్చుకుంటారు.

తనిఖీ చేశాను. నిజంగానే చేశాను. మరుగుదొడ్లు మా ఆఫీసువాటికన్నా శుభ్రం. మంచినీళ్ళు ఎంత కావాలంటే అంత. కళ్ళు తిరిగినవాళ్ళ కోసం ఒక మూల పరుపులు వేసి, ఎర్ర జాకెట్ల నర్సులు ఇద్దరు కాపలా ఉన్నారు. బోడిగుండు, మెడ చుట్టూ పచ్చబొట్లు, ముక్కుకు ఇనుప గొలుసు ఉన్నవాడొకడు నేరుగా నా మీదికి వచ్చాడు. సంచీ గట్టిగా పట్టుకున్నాను. అతను సీసాల పెట్టె ఒకటి బోర్లించి, పైన తన కోటు మడిచి వేసి, కూర్చోండి పెద్దమ్మా, కాళ్ళు లాగుతాయి అని నా చెవిలో అరిచి వెళ్ళిపోయాడు.

అభ్యంతరం రాయడానికి ఏమీ దొరకలేదు. అప్పుడే ఇంటికి వచ్చేయాల్సింది.

సుత్తి ఒంటిగంటకు వచ్చింది. యాభై దాటిన మనిషి. కళ్ళజోడు, నెరిసిన జుట్టు, బక్కపలచన. బ్యాంకు కౌంటర్ వెనుక కూర్చుంటే రెండోసారి ఎవరూ చూడరు. పలకరింపు లేదు. ఒక్క దెబ్బ వేసి ఆగింది. అన్ని వందలమందీ ఊపిరి బిగబట్టారు. ఇంకొకటి వేసి, మళ్ళీ ఆగింది. జనం బతిమాలుతున్నట్టు మూలిగారు. ఇంకొకటి. తర్వాత ఇక ఆపకుండా దంచేసింది.

ముందు లేచింది వదినగారు. పదేళ్ళుగా నడుం నొప్పి అని కుర్చీ అడిగే మనిషి. తర్వాత సైలెన్స్. పళ్ళు తీసి రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని మరీ వెళ్ళింది. నన్ను ఎవరూ లాగలేదు. ఇది రాయాలి. ఎవరూ లాగలేదు. నేనే లేచాను.

ఎంతసేపు ఎగిరానో తెలియదు. తెలియదు అని ఈ డైరీలో రాయడం ఇదే మొదలు. బుద్ధి తెలిసినప్పటి నుంచీ నా తలలో ఏదో ఒక కూడిక నడుస్తూనే ఉంటుంది. పాలు ఎన్ని, మందులు ఎన్ని, ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎవరు లైటు ఆర్పలేదు. అది ఆగిపోయింది. మోకాళ్ళు లేవు, వయసు లేదు, ఇల్లు లేదు. అరిచాను. మాట కాదు, ఉత్త అరుపు. ముక్కూమొహం తెలియని పిల్ల ఒకతి చెమటలు కక్కుతూ నా మెడ వాటేసుకుంటే విడిపించుకోలేదు. ఎవరో ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. చూశాను. చూసి కూడా నవ్వాను.

బయటికి వచ్చేసరికి తెలతెలవారుతోంది. గేటు పక్క గట్టు మీద ఒక పిల్ల, మా పిల్ల వయసుదే, వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఎవరైనా ఏమైనా అన్నారా అమ్మా అని అడిగాను. అయ్యో లేదు ఆంటీ, ఆవిడ్ని చివరిసారి విన్నాను కదా, చచ్చేదాకా చెప్పుకుంటాను అంది. కళ్ళు తుడుచుకుని, మీరూ ఉన్నారు, ఎంత అదృష్టమో మనది అంది.

రాత్రి పదకొండు నుంచి ఆ క్షణం దాకా మనవరాలు నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

మార్చి 9, రాత్రి 10

మోకాళ్ళు గుమ్మడికాయల్లా పొంగాయి. గోడ పట్టుకుని నడుస్తుంటే పిల్ల చూసింది. పది రోజులుగా ముక్తసరిగా ఉన్న పిల్ల, పొద్దున్నే పరీక్ష పెట్టుకుని, పుస్తకం మూసి నేల మీద కూర్చుంది. నా పాదాలు తన ఒళ్ళో పెట్టుకుంది. ఐసు గుడ్డలో చుట్టి అద్దింది. ఏమైంది నాయనమ్మా అంది. మీ అమ్మమ్మ వాళ్ళ మెట్ల మీద జారానన్నాను. జారితే ఒక కాలు వాస్తుంది, నీకు రెండూ వాచాయేంటి అంది. రెండు మెట్లు జారానన్నాను.

నవ్వింది. కోపం మరిచిపోయి, పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. ముసలిదానివి, చూసుకుని నడవద్దూ అని పాదం మీద చిన్న దెబ్బ వేసింది.

భూమి చీలి మింగేస్తే బాగుండును అని కథల్లో చదివినప్పుడు అతిశయోక్తి అనుకునేదాన్ని.

మార్చి 10, సోమవారం

పరీక్ష గంట ముందే ముగించి వచ్చేసింది. అంటే నిజంగానే చదివేసింది.

మార్చి 13, గురువారం

ఈ సాయంత్రం అందరం భోజనాల బల్ల దగ్గర ఉండగా పిల్ల కాలేజీ నుంచి వచ్చింది. భుజం మీద సంచీ కూడా దించకుండా ఫోన్ బల్ల మధ్యలో పెట్టింది. వీడియో. అందులో నేను. ఉన్ని టోపీ, ముక్కు చివరికి జారిన కళ్ళజోడు, రెండు చేతులూ పైకి. ఒక చేతికి నల్ల పట్టీ. బామ్మ ఇరగదీసింది అని కింద ఎవరో రాశారు. లక్షమంది చూశారట. వాళ్ళలో పిల్ల స్నేహితురాళ్ళు ఇద్దరూ ఉన్నారు.

అబ్బాయి పొలమారేలా నవ్వాడు. అమ్మా, నువ్వేనా, ఆ వెనకాల ఊగేది మా అత్తగారా అన్నాడు. కోడలు నవ్వబోయి, కూతురి మొహం చూసి ఆగిపోయింది.

మన చెత్తబుట్ట భలే ఎగురుతోంది కదా నాయనమ్మా అంది పిల్ల.

అబ్బాయి నవ్వు అప్పుడు ఆగింది. తనిఖీ అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన మంచిపని అదొక్కటే.

నువ్వు వెళ్ళినందుకు కాదు అంది. అడిగి ఉంటే నేనే నీ చేతికి కట్టి, పక్కన నిలబెట్టుకునేదాన్ని అంది. నీ కాళ్ళకి ఐసు పెట్టాను కదే నాయనమ్మా అంది. భుజం మీది సంచీ దించింది. మామూలుగానే చెప్పింది: ఇక నిన్ను ఏదీ అడగను, అడిగితేనే కదా పోయింది.

కోడలు ఇరవై రెండేళ్ళలో నాకు ఎదురు చెప్పలేదు. ఈ రోజూ చెప్పలేదు. నా కంచం తీసుకెళ్ళి కడిగింది. నేనింకా తినలేదు.

మార్చి 14, శుక్రవారం

నడకకు వదినగారు రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తింది. మనవరాలి నోటి దగ్గరిది లాక్కుని అందులో నాకూ వాటా పెట్టారు కదండీ అంది. నాకు చెప్పి ఉంటే గేటు దాకా కూడా వచ్చేదాన్ని కాదు, పిల్ల మొహం ఇక నేనెలా చూడాలండీ అంది.

పిల్లల పెళ్ళైన ఏడాదికే నువ్వు అనుకోవడం మొదలుపెట్టాం. ఇన్నేళ్ళకు మళ్ళీ నన్ను మీరు అంది.

మార్చి 15, శనివారం, రాత్రి

తొమ్మిదింటికి పిల్ల బూట్లు వేసుకుని బయటికి వెళ్ళింది. ఎప్పుడూ గుమ్మంలో నిలబడి ఎక్కడికో, ఎవరితోనో, ఎప్పుడొస్తుందో అప్పజెప్పి వెళ్ళేది. ఆ అప్పజెప్పడం నేనంటే భయం వల్లే అనుకున్నాను ఇన్నాళ్ళూ. అది ఆమె తనంతట తాను ఇచ్చినది.

ఈసారి తలుపు చప్పుడు ఒక్కటే వినబడింది.

మార్చి 18, మంగళవారం

క్షమించమని అడిగాను. అద్దం ముందు రెండుసార్లు అనుకుని వెళ్ళాను. నా జన్మలో ఎవరినీ అడగలేదు కాబట్టి నాకు వరస తెలియదు. తప్పు చేశాను, అబద్ధం చెప్పాను, నీ రాత్రి తీసుకున్నాను అన్నాను. పట్టీల డబ్బు ఇవ్వబోయాను. అది అనకుండా ఉండాల్సింది.

డబ్బు వాపసు ఇవ్వబడదు నాయనమ్మా అంది. తర్వాత సరేలే అంది.

ఆ సరేలే నాది. ఈ ఇంట్లో ఎవరినైనా గదిలోంచి పంపించేయాలంటే నేను అనే మాట.

మార్చి 20, గురువారం

సైలెన్స్ ఒక్కతే నడకకు వచ్చింది. పార్కు చుట్టూ రెండుసార్లు తిరిగాం. మూడోసారి, బాగుందా లేదా అంటే చాలా బాగుందే, అదే కదా మన ఖర్మ అంది.

అవును. అది ఇంకా రాయలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను, అయినా నిద్ర పట్టేముందు ఆ దెబ్బ అరికాళ్ళలో వినబడుతూనే ఉంది. తీసుకున్న వస్తువైతే తిరిగి ఇచ్చేయవచ్చు. ఇది నా ఒంట్లో ఉండిపోయింది.

మార్చి 22, శనివారం

పిల్ల నా గదిలోకి వచ్చింది. ఆవిడ ఎలా మొదలుపెట్టింది అని అడిగింది. ఏ వీడియోలోనూ మొదలు లేదట. నాకు చెప్పడం చేతకాదన్నాను. అయితే చెప్పకు అని, మంచం అంచున నాకు వీపు పెట్టి కూర్చుంది.

రెండు భుజాల మధ్య అరచెయ్యి ఆనించాను. ఒక్క దెబ్బ. ఆగాను. ఇంకొకటి.

ఇంకా గట్టిగా అంది.