రఖ్మాబాయికి వచ్చిన ఈజిప్టు కవరు

బాన్సువాడ, 9-7-1996

అన్నకు తమ్ముడు పండరి దండాలు. నా జరం తగ్గింది, ఫికర్ చేయొద్దని అవ్వకు చెప్పు.

నేను పాత ఈజిప్టు స్టాంపులు జమ చేస్తనని నువ్వు ఇంట్ల పాత పెట్టెలకెళ్లి తీసి పంపిన కాగితాల మూటల ఒక కవరు దొరికింది. పిరమిడ్ బొమ్మ స్టాంపు, 1882 ముద్ర ఉన్నయ్. అతికిచ్చింది అతికిచ్చినట్టే ఉంది, ఎవ్వలు ఇప్పలేదు. మీద మరాఠీల మన ముత్తాత వదినె రఖ్మాబాయి పేరుంది. పంపింది ఆమె పెనిమిటి విఠల్. ఆయన మంజీరల కొట్టుకపోయిండనే కదా ఆమె గాజులు తీసి బతికింది? ఈజిప్టు పోయొచ్చి మునిగిండా, మునగకనే పోయిండా, నాకు సమజైతలేదు. ఆమెకియ్యకుండ ఎవలు దాసిండ్రో గూడ తెల్వది. నిజామాబాద్ల స్టాంపులు జమ చేసే సారుకు చూపెడితే, "ఇప్పితే దీని కదర్ పోతది, ధర రాదు, ఇప్పకు" అన్నడు.

నాట్లు పడ్డయా? నా గొంగడి బస్సుల పంపు. వదినెకు దండం, పిల్లలకు ముద్దులు.

ముసలితనంల రఖ్మాబాయికి అన్నం పెట్టింది అవ్వనే. కవరు ఇప్పాల్నా వద్దా అవ్వనే అడిగి రాయి. ఇప్పుమంటే ఐతారం పట్టుకొచ్చి, ఆమె ముంగటనే చదువుత.

పండరి