ఎండకు కాగని నీళ్లు

4 డిసెంబరు 1967
హాస్టల్ డాబా మీద నీళ్ల డబ్బా బిగించాం. బిగించాం కాదు, బిగించాను. రాగి గొట్టాలకు టంకం వేసింది నేను, నల్లరంగు పూసింది నేను, పైన అద్దం పరిచింది నేను. ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే సార్ డ్రాయింగ్ పట్టుకుని నీడలో నిలబడ్డాడు. ఎండకే నీళ్లు కాగుతాయట, కట్టె అక్కర్లేదట. నమ్ముతున్నా. సార్‌ని కాదు, ఎండని.

6 డిసెంబరు
గోరువెచ్చగా కూడా లేవు.

7 డిసెంబరు
"నీ అతుకులే సరిగ్గా లేవయ్యా" — సార్, స్టూడెంట్లందరి ముందు. నా అతుకులు! ఒక్క చుక్క కారితే చూపించమను. కాలేజీ వర్క్‌షాపులో, నాతో రేకుల పని చేసేవాళ్ల నవ్వులాట. "ఏం సైంటిస్ట్ సాబ్, సూర్యుడు లీవ్ పెట్టిండా?" రేకు మీద సుత్తి గట్టిగా కొట్టా.

సాయంత్రం హాస్టల్ వెనక, యాదమ్మ పొయ్యి దగ్గర. పదకొండేళ్లుగా రాగి కాగు కింద కట్టెలు పెట్టి హాస్టల్ మొత్తానికి వేడినీళ్లు కాచేది ఆమే. "ముఖం గట్ల పెట్టకు కొడుకా, చాయ్ తాగు." ఈ క్యాంపస్‌లో నన్ను తిన్నావా అని అడిగే మనిషి ఆమె ఒక్కతే. తార్నాకలో నా అద్దె గదికి పోతే అదీ లేదు.

10 డిసెంబరు, ఆదివారం
నిన్న సాయంత్రం నుంచి ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు.

సార్ పారేసిన ఇంగ్లీషు పత్రిక ముందేసుకున్నా — డ్రాయింగ్ దించింది దాంట్లోంచే. డిక్షనరీతో పేజీకి గంట. చివర చిన్న అక్షరాలు... సిడ్నీ. అట్లాసు తీశా. భూమధ్యరేఖకు అవతల, కింద! అక్కడ సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు, వాళ్ల డబ్బా ఉత్తరానికి పెట్టుకున్నారు. మనకు ఈ చలికాలం సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. సార్ మాత్రం బొమ్మలో ఉన్నట్టే పెట్టించాడు. మన డబ్బా సూర్యుడికి వీపు పెట్టి కూర్చుంది. బిగించేటప్పుడు నా నీడ ఎటు పడుతోందో చూసుకున్నా తెలిసేది. ఎంత గాడిదలం. నేనూ.

11 డిసెంబరు
చెప్పా. సగం కూడా వినలేదు. "డ్రాయింగ్ నాకు నేర్పుతావా? ముందు నీ టంకం సంగతి చూసుకో." అట్లాసు చంకలోనే ఉండిపోయింది. పళ్లు కొరుక్కుంటూ తార్నాక దాకా నడిచా. బస్సులో నలుగురి ముఖాలు చూసే ఓపిక లేదు.

17 డిసెంబరు, ఆదివారం
డాబా మీద ఎవరూ లేరు. పొద్దున్నే నీళ్లు వదిలేసి, నాలుగు బోల్టులు విప్పి, చట్రంతో సహా దక్షిణానికి తిప్పా. నడుము పడిపోయింది. మళ్లీ నీళ్లు నింపా. మూడింటికి కుళాయి విప్పితే — చెయ్యి కాలింది. కాలింది! అరిచా. కాకి లేచిపోయింది, అంతే.

చెంబుతో దిగి పరిగెత్తా. యాదమ్మ వేలు ముంచింది, చటుక్కున తీసింది. "మస్తు కాగినయ్ కొడుకా." నవ్వింది కూడా. తర్వాత కట్టె ఎగదోస్తూ, నా వైపు చూడకుండా — "గిది నడిస్తే పొయ్యి తీసేస్తమన్నడు వార్డెన్. నన్ను గూడ రావద్దన్నడు."

నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఎండ పని చేస్తే ఎవరి పని పోతుందో — ఆ లెక్క ఏ పత్రికలోనూ లేదు.

పైకెక్కి డబ్బాను మళ్లీ ఉత్తరానికి తిప్పేశా.

18 డిసెంబరు
చాయ్ ఇచ్చింది. తిన్నావా అని మాత్రం అడగలేదు. తాగి, గ్లాసు కడిగి పెట్టి వచ్చా.

6 జనవరి 1968
డబ్బాను చూసి తేల్చడానికి కాలేజీ కమిటీ ఎల్లుండి మధ్యాహ్నం మూడింటికి వస్తుందట. ఆ రోజు నీళ్లు కాగకపోతే డబ్బా తుక్కుకు. తప్పు పనివాడిదని సార్ ముందే టైపు కొట్టించి పెట్టుకున్నాడు, టేబుల్ మీద చూశా. ఇంగ్లీషు కదా, చదవలేననుకున్నాడు. రేకుల పనికి వేరే మనిషిని తీసుకోవాలని కింద ఇంకో లైను.

నా అతుకులు కారవు. ఆ ఒక్క మాట గట్టిగా అనగలిగితే చాలు నాకు...

8 జనవరి
డాబా మీదే రాస్తున్నా. రాత్రే నీళ్లు వదిలేశా. తొమ్మిది లోపల తిప్పి నింపితే వాళ్లొచ్చేసరికి కాగుతాయి. కింద పొయ్యి పొగ పైకే వస్తోంది, కళ్లు మండుతున్నాయి.

యాదమ్మ వచ్చింది. ఇన్నాళ్లలో మొదటిసారి, మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి. గ్లాసు పిట్టగోడ మీద పెట్టింది. చేతిలో స్పానర్ చూసింది.

"కాగకుంటే నిన్ను తీసేస్తరా?"

"తీసేస్తరు పెద్దమ్మా."

డబ్బా అద్దం మీద దుమ్ము కొంగుతో తుడిచింది. "చాయ్ సల్లగయితది, తాగు." దిగిపోయింది. తిప్పు అనలేదు. వద్దనలేదు. ఏదో ఒకటి అంటే బాగుండు... కోపం ఆమె మీదైనా తీర్చుకునేవాణ్ణి.

ఎనిమిది నలభై. ఒక బోల్టు ఊడింది. మూడు ఉన్నాయి. చాయ్ తాగలేదు.