నాలుగో నంబరు స్టాంపు

జూలై 7, సోమవారం

మూడు రోజుల సెలవు తర్వాత పనికి. అవ్వ కంటికి ఇంకా పట్టీ. పక్కింటి గంగామణి అక్క చూసుకుంటానంది కాబట్టి బయటపడ్డాను.

షెడ్డులో పనికిరానివి పెట్టే ఎర్ర పెట్టె ఖాళీ. బుధవారం సాయంత్రం మూడు పిన్నులు నా చేత్తో అందులో పెట్టి వెళ్లాను. హెలికాప్టర్ తోక దగ్గర తిరిగే చిన్న రెక్కలకు బిగించే పిన్నులు, వేలెడంత. ఎర్ర మందు పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లితే మూడింటి మీదా వెంట్రుకలాంటి ఎర్ర గీత తేలింది. పగులు. మొత్తం నలభై — ముప్పై ఏడు మంచివి, మూడు పనికిరానివి. అనుమానమే లేదు.

“తుక్కుల ఏసినం బిడ్డా” అన్నారు విఠల్ సార్. నా వైపు చూడకుండా.

పనికిరాదని నేను పక్కన పెట్టినదాన్ని నేను లేకుండా ఎవరూ ఎప్పుడూ తీయలేదు.

జూలై 8, మంగళవారం

తుక్కు డబ్బా మొత్తం తిరగేశాను. లేవు. లేతు మిషన్ మీద పనిచేసే రాజేశ్వర్ అన్నను అడిగాను. “నాకేం ఎర్క చెల్లె... సార్‌నే అడుగు.” పొద్దంతా తల ఎత్తలేదు.

జూలై 9, బుధవారం

ఫైలులో దొరికింది. పార్సిల్ వెంట హెలికాప్టర్ కంపెనీకి పంపిన తనిఖీ కాగితం నకలు. పరీక్షించినవి నలభై. బాగున్నవి నలభై. కింద గుండ్రటి స్టాంపు — నాలుగో నంబరు. నాది. కంపెనీ నా పేరు మీద ఇచ్చింది, ఇంకొకరు ముట్టడానికి లేదు. పక్కన నా సంతకం. చివరి ‘త’ దగ్గర నేను గీత లాగుతాను. ఇందులోనూ లాగారు, నాకంటే శ్రద్ధగా.

తేదీ జూలై 4. ఆ శుక్రవారం నేను నిజామాబాద్ కంటి ఆసుపత్రిలో, అవ్వ చెయ్యి పట్టుకుని ఉన్నాను.

సెలవుకు వెళ్తూ స్టాంపుండే డ్రాయరు తాళంచెవి సార్ చేతికిచ్చాను. ఇంకెవరికిస్తాను...

జూలై 10, గురువారం

విఠల్ సార్ అంటే ఎవరో నాకు నేనే మళ్లీ చెప్పుకోవాలనిపిస్తోంది.

బోధన్‌లో పుట్టి, హెలికాప్టర్లు తయారుచేసే కంపెనీలో ముప్పై ఏళ్లు పనిచేసి, రిటైరై ఊరికొచ్చి, మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ అవతల ఈ రేకుల షెడ్డు వేశారు. పాత కంపెనీకే పార్టులు చేసి పంపడం. చెరకు గానుగలు బాగుచేసిన చేతులకు మళ్లీ పని దొరికింది, రాజేశ్వర్ అన్నతో సహా. బాపు పోయిన ఏడాది, ఐటీఐ చదివి బట్టల దుకాణంలో చీరలు మడతపెడుతున్న నన్ను పిలిచారు. వెంట్రుక మందం ఎట్లా కొలవాలో నేర్పారు. మైక్రోమీటర్ బిగించేటప్పుడు ఊపిరి ఆపకూడదని కూడా.

మధ్యాహ్నం డబ్బాలు విప్పితే కంపెనీ కథలు. మొదట్లో విదేశీ హెలికాప్టర్ ముక్కలు చెక్కపెట్టెల్లో వచ్చేవట. వాళ్ల డ్రాయింగు చూసి బిగించడం వరకే మనవాళ్ల పని. తర్వాత ఒక్కో ముక్కా ఇక్కడే చేయడం నేర్చుకున్నారు. ఆ తర్వాత సొంత డ్రాయింగు, సొంత హెలికాప్టర్. అది మొదటిసారి నేల విడిచిన రోజు గురించి చెప్పేటప్పుడు సార్ చెయ్యి గాలిలోనే ఉండిపోయేది — “మనిషెత్తు లేసింది, గంతే. గంతకే ఏడ్సినం అందరం.”

ఇంకో కథ. ఓసారి తాను చేసిన పార్టులో తప్పు తనకే కనబడితే బిగించిన తోకంతా విప్పించారట. పై అధికారి కోపం చేస్తే, “అయితె నేను ముందల కూసుంట, మీరు ఎనక ఎక్కుండ్రి” అన్నారట. కొత్తగా చేరినవాళ్లకు ఆ కథ నేనే చెప్పేదాన్ని.

అది జరిగిందా అసలు? ఇవాళే మొదటిసారి ఈ అనుమానం.

జూలై 11, శుక్రవారం

అడిగాను. అందరూ భోజనానికి వెళ్లాక, కాగితం ముందర పెట్టి.

“సంతకం నాది కాదు సార్.”

“ఎర్కే.”

దబాయిస్తారనుకున్నాను. దానికి సిద్ధపడి వెళ్లాను.

“మూడిట్ల పగులని రాస్తె లాటంత ఎనక్కొస్తది, ఆర్డరే పోతది. పదకొండు ఇండ్లు బిడ్డా, ఈ షెడ్డు మీద.”

“పగుళ్లున్నయ్ సార్.”

“గవి పై పై గీతలు. నేను సూసిన.”

“మీరు సూస్తే మీ పేరు మీద పంపాలె గద.”

అద్దాలు తీసి తుడుచుకున్నారు. “నీ స్టాంపుంటె ఆడ ఎవ్వరు మల్ల సూడరు. గంత నమ్మకం నీ మీద.”

మెచ్చుకుంటున్నట్టే అన్నారు.

జూలై 12, శనివారం

కంపెనీకి చెబుదామని ఫోన్ తీయడం, పెట్టేయడం. మూడుసార్లు.

జూలై 13, ఆదివారం

అవ్వకు చెప్పాను. పట్టీ తీశారు, నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుంది. “సార్ మీదనే జెప్తవా? మీ బాపు పోయినప్పుడు దినాలకు గూడ ఆయననే నిలవడె.”

“అది ఇరిగి ఎవరన్న పడి సస్తే అవ్వా?”

నా వైపు తిరిగింది. అద్దాల వెనక ఏం చేస్తోందో తెలియలేదు. తర్వాత “గట్లయితే జెప్పు. ఏడ్వకుంట జెప్పు” అంది.

జూలై 14, సోమవారం

చెప్పాను. కంపెనీ క్వాలిటీ ఆఫీసులో ఓ మేడమ్‌కు.

“స్టాంపు మీదేనా?” — నాదే. వేసింది నేను కాదు. “తాళం ఎవరి దగ్గరుంది?” — నేనే ఇచ్చాను. “ఇవ్వకూడదు కదా?” — తెలుసు.

ఏడవలేదు. సాయంత్రానికి మెయిల్ వచ్చింది. విచారణ పూర్తయ్యేవరకు నాలుగో నంబరు చెల్లదు.

జూలై 16, బుధవారం

కంపెనీ నుంచి ఇద్దరు అధికారులు. వాళ్ల స్టోరులో ముప్పై తొమ్మిది పిన్నులున్నాయట. మళ్లీ పరీక్షిస్తే రెండింటికి పగుళ్లు. నలభయ్యోది అప్పటికే ఒక హెలికాప్టర్‌కు బిగించేశారు. పగిలిన మూడోది ఎక్కడుందో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆ హెలికాప్టర్‌ను ఎగరకుండా ఆపారు.

తర్వాత సార్‌ను అడిగారు. నేను పక్కనే ఉన్నాను.

“సెలవుకు పోయే ముందల ఆ పిల్లనే తారీఖు ఏసి, స్టాంపు కొట్టి పెట్టిపోయింది సార్. మేం నమ్మి పంపినం.”

గొంతు కూడా మారలేదు. ‘ఆ పిల్ల’ అన్నారు. ఇన్నేళ్లలో బిడ్డా అనకుండా పిలవని మనిషి.

ఆసుపత్రి కాగితాలు చూపించాను. పెద్ద అధికారి నెమ్మదిగానే అన్నాడు — “ముందే వేసి వెళ్లి ఉండొచ్చు కదమ్మా.” నిజమే, వెళ్లి ఉండొచ్చు. శుక్రవారం పార్సిల్ కట్టింది రాజేశ్వర్ అన్న. అతన్ని పిలిచారు. “యాదికి లేదు సార్.” మళ్లీ వస్తాం, ఆలోచించుకుని రాసివ్వు అన్నారు.

సార్ నా ముందు ఒప్పుకున్నప్పుడు ఆ గదిలో ఇద్దరమే. అందుకే ఒప్పుకున్నారేమో. నేను దాన్ని పశ్చాత్తాపం అనుకున్నాను. ఐదు రోజులు ఆయన మీద జాలిపడ్డాను...

జూలై 17, గురువారం

రాజేశ్వర్ అన్న ఇంటికి వెళ్లాను. వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడాడు. వదిన లోపలి నుంచి వింటోందని తెలుస్తోంది.

“సూసినవా అన్నా?”

“ఫ్యాక్టరీ బందయినంక నన్ను పిలిసి పనిచ్చింది ఆయననే చెల్లె.”

“నన్ను గూడ.”

చేతులకున్న గ్రీజు గోడకు రాస్తూ ఉండిపోయాడు. చూశాడు. చూడనివాడు చూడలేదనే అంటాడు.

ఆఫీసు మేడమ్ ఫోన్. ఆ హెలికాప్టర్ తోక విప్పి పిన్ను బయటికి తీశారట. పగులు పెరిగింది. విరగలేదు. రెండుసార్లు ఎగిరొచ్చిందట, మనుషులతో.



జూలై 18, శుక్రవారం

అధికారులు మళ్లీ వచ్చారు. రాజేశ్వర్ అన్నను లోపలికి పిలిచి తలుపు వేశారు. బయట బల్ల మీద సార్, నేను — చెరో చివర. మిషన్లు ఆపేయడంతో షెడ్డంతా నిశ్శబ్దం. మిగతావాళ్లు గేటు దగ్గర గుంపుగా, నా వైపు రాకుండా. నా వల్ల పని పోతుందని వాళ్ల కోపం. వాళ్లను ఏమీ అనలేను.

అరగంట. గంట.

తలుపు తెరుచుకుంది. అన్న బయటికొచ్చి, మా ఇద్దరి మధ్య నుంచి నడిచి, ఎవరినీ చూడకుండా బండి తీసుకుని వెళ్లిపోయాడు. తలుపు మళ్లీ మూశారు.

“ఏం జెప్పిండో” అన్నారు సార్, గొంతు తగ్గించి. నన్నే అడిగారు. అడగడానికి అక్కడ ఇంకెవరూ లేరు.

“ఎర్క లేదు సార్” అన్నాను.

లోపల ఎవరో కాగితం చదువుతున్నట్టు వినిపిస్తోంది, అన్న రాసిచ్చిందే కాబోలు. మాటలు తెలియడం లేదు. ఇద్దరం అటే చూస్తూ కూర్చున్నాం.