కొర్ర ఆకు మీద ఎరుపు

వీరపునాయునిపల్లె, గురువారం

నాయనా, నేను బాగుండా. ఫోన్లో చెప్తే ఊ అని పెట్టేస్తావని కార్డు రాస్తాండా.

నిన్న మా వ్యవసాయ ఆఫీసోళ్లతో తుప్పు తెగులు సర్వేకి ఓబులమ్మ అనే ఆమె కొర్రచేన్లోకి పోతిమి. ఆకులు ఎర్రగా ఉంటే "బాట దుమ్ములే పాపా" అనింది. తెల్లగుడ్డతో తుడిస్తే కుంకుమ మాదిరి అంటుకునింది, ఆకు మీద పొక్కులు బయటపడినాయి. ఆమె ఆ గుడ్డ చేతిలోకి తీసుకునింది. "పోయినేడూ దుమ్మే అనుకుంటి. గింజ పట్టక పైరంతా మేతకు కోసేస్తి" అనింది. ఈసారి ముందే కనపడింది, సాయంత్రానికే మందు కొట్టిస్తిమి.

మన కొర్ర గూడా ఎర్రబారిందని అమ్మ చెప్పింది. ఆకు తుడిచి చూడు. ఎరుపు అంటితే ఆ పొద్దే ఫోన్ చెయ్యి. అమ్మకు మోకాలినొప్పి తగ్గిందా? చిన్నాయనకు దండాలు చెప్పు. కార్డు అందినాక ముందు చేన్లోకి పో, అన్నం తర్వాత తిందువు.

నీ కూతురు
అర్చన