అడగని సాయం

మంగళవారం, యాలాల్.

మాట నాది, రాత మనవరాలిది.

ఊళ్లలో జనం కలిసి ఎలా బతుకుతారో ఏళ్లుగా పరిశోధిస్తున్న సైకాలజీ ప్రొఫెసరమ్మ ఈరోజు తన కాగితం చదివి వినిపించింది. మా వాడలో ఒకరికొకరు సాయం చేసుకోవడం లేదని అందులో రాసిందట. "పోయిన నెల ఎవరి సాయమైనా అడిగారా?" అన్న ప్రశ్నకు అందరం లేదనే చెప్పాం మరి.

"బిడ్డా, మా కాడ అడుగుడేంది? నాకు జరమొస్తే పక్కింటి ఎల్లమ్మ తన గొర్లతోని నా గొర్లను గూడ తోలుకపోయింది. నేనడిగిన్నా? అడిగేదాక ఆగితే ఇంక పక్కిల్లు ఎందుకు?" అన్నాను.

ఆమె పెన్ను తీసి ఆ ప్రశ్న కొట్టేసింది. వాడ పరువు నిలబడింది.

రేపు ఎల్లమ్మనూ అడుగుతుందట. ఎల్లమ్మేమో "నేనేం జేసిన, గొర్లు అవే నడిచినయ్" అంటుందేమోనని ఒక్కటే ఫికర్.