చిన్నమ్మ వేలికి పలకని ఆట

నవంబర్ 3, సోమవారం

కదిలింది! నా ఫోన్ ఆటలో సుంకమ్మ పొలంలోకి దిగింది. మనం వేలితో తాకిన పత్తికాయనల్లా తీసి ఒడిలో వేసుకుంటోంది. కూలీల ఆటో వెళ్ళేలోగా మూట నింపాలి. నింపకపోతే ఆటో పోతుంది, సుంకమ్మ తిడుతుంది. ఆ తిట్టు వినడానికైనా జనం కావాలనే ఓడిపోతారు.

మౌలాలికి వీడియో పంపాను. ఎమ్మిగనూరు ఫ్లెక్సీ షాపులో నాయకుల ముఖాలు తెల్లగా చేసే పని మధ్యలో, రెండేళ్ళుగా వాడు ఫోన్‌లో గీస్తున్న కామిక్కు నుంచి చేసిన ఆట ఇది. వాడి సుంకమ్మ నడవడం వాడే ఇవాళ మొదటిసారి చూశాడు. ఫోన్ చేశాడు. "అక్కా, నడుస్తాంది" అన్నాడు. అంతే.

నవంబర్ 4

గ్రూపులో పెట్టాను. జిల్లాలో ఆటలు, కామిక్కులు చేసుకునే వాళ్ళం మొత్తం పదకొండు మందిమి. నలుగురు ఎప్పుడూ నోరు విప్పరు. ఇవాళ వాళ్ళూ చప్పట్లు పెట్టారు. గూడూరు నుంచి ఎద్దుల ఆట చేస్తున్నాయన: "హైదరాబాద్‌లో ఆటల ప్రదర్శనకు పంపమ్మా. ఇరవై తారీఖే ఆఖరు."

మౌలాలి: "పంపుదాం అక్కా, పంపుదాం, పంపుదాం."

పంపుదాం. ఎంపికైతే వాడు ఫ్లెక్సీ షాపు వదిలేయొచ్చు. నేను ఈ నెట్ సెంటర్ కుర్చీ వదిలేయొచ్చు. అనుకోవడానికి ఏం పోయింది.

నవంబర్ 6

మధ్యాహ్నం షట్టర్ సగం దించి చిన్నమ్మ గొంతు రికార్డ్ చేశాను. సుంకమ్మకు ఆ గొంతు తప్ప వేరేది అతకదు. ఎస్తేరు చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలే కానీ, ఆమె నోరు మా అమ్మకు రాలేదు.

"ఏయ్ ఆటో! నీ టైరు పగల! నిలబడప్పా రోంతసేపు!"

నాలుగుసార్లు చెప్పమంటే నాలుగు రకాలుగా తిట్టింది. చర్చిలో పాడేదీ ఈ గొంతే మరి.

నవంబర్ 9, ఆదివారం

చర్చి అయ్యాక చిన్నమ్మ చేతికి ఫోన్ ఇచ్చాను. మొదటిసారి ఆడబోతోంది. నేను వీడియో తీయడానికి అమ్మ ఫోన్ పట్టుకుని రెడీ.

తాకింది. సుంకమ్మ కదల్లేదు. మళ్ళీ తాకింది. గట్టిగా నొక్కింది. చీరకు తుడుచుకుని నొక్కింది. ఆటో వెళ్ళిపోయింది. ఫోన్‌లో తన గొంతే తనను తిట్టింది.

"నా వేలే అంతలే పాపా" అని నవ్వి ఫోన్ ఇచ్చేసింది. "బ్యాంకు మిషన్‌కు గూడా పడదు గదా."

ఆ వేలు చూశాను. పత్తికాయల అంచులు గీరి గీరి, కొస మీద గీత అన్నదే లేదు. చెక్కలాగుంది.

రోజంతా నేను చేసే పనేమిటి? వేలిముద్ర మిషన్ ముందు కూర్చుని, "తుడుచుకో అవ్వా... ఇంకోసారి పెట్టు... పడలేదు, రేపు రా..." నాలుగేళ్ళుగా. అలాంటి నేను, పత్తి తీసే మనిషి మీద ఆట చేసి, పత్తి తీసే వేలికి పలకకుండా చేశాను. సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు.

నవంబర్ 10

పొద్దున ఐదున్నరకే మార్కెట్ యార్డు దగ్గర కూలి ఆటోలు ఆగే చోటికి పోయాను. తాకే చోటు రెండింతలు పెద్దది చేసి పట్టుకెళ్ళాను. ఆరుగురు ఆడారు. ఇద్దరికి పడింది. ఒకామె పోయిన వారమంతా పత్తికొండ వైపు టమోటా కోతకు పోయి వచ్చిందట, వేళ్ళు నల్లగా ఉన్నాయి. "రోంత తడి చేసుకో అక్కా" అన్నాను, అలవాటుగా.

అని నాలుక కరుచుకున్నాను. ఆడుకోవడానికి కూడా వేలు కడుక్కురమ్మంటానా?

నవంబర్ 11

మౌలాలికి చెప్పాను. వాడు: "ఆడేది కాలేజీ పిల్లోళ్ళు అక్కా. చిన్నమ్మోళ్ళు ఆడతారా?"

ఆడలేదు కాబట్టే ఆడరంటున్నావు, అన్నాను.

"ఫస్ట్ పంపేద్దాం. తర్వాత మారుద్దాం."

తర్వాత! ఆ మాట కౌంటర్ దగ్గర రోజుకు ఎన్నిసార్లు అంటానో నాకే లెక్క లేదు. దాని అర్థం నాకు బాగా తెలుసు.

నవంబర్ 13

దొరికింది!

చిన్నమ్మ ఇంకోసారి ప్రయత్నించి, పడక, విసుగొచ్చి ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ కుదిపేసింది. బియ్యం చెరిగేటప్పుడు చేట పట్టుకున్నట్టే. నేను లాక్కోబోయి ఆగాను... ఎంత బాగా పట్టుకుందో!

వేలు వద్దు. ఫోన్ వంచితే చాలు. ఎడమకు వంచితే సుంకమ్మ ఎడమ చేయి, కుడికి వంచితే కుడి చేయి. అసలు పత్తి ఒంటి చేత్తో ఎవరు తీస్తారు? ఇంత చిన్న సంగతి తట్టడానికి నాకు ఇన్ని రోజులు పట్టింది.

నవంబర్ 14

కోడ్. కస్టమర్లు. కోడ్. ఓనర్ రెండుసార్లు దగ్గాడు.

నవంబర్ 15

మౌలాలి గీసిన సుంకమ్మకు కుడి చేయే కదులుతుంది. ఎడమ చేయి బొమ్మలు కావాలని అడిగాను. "ఇబ్బుడా?" అన్నాడు. సాయంత్రానికి పంపాడు. కింద ఒక్క మాట కూడా రాయలేదు. మామూలుగా పదిహేను నవ్వు బొమ్మలు పెట్టేవాడు.

నవంబర్ 17

వంచితే పనిచేస్తోంది! ఆనందంగా అమ్మకు ఇస్తే, "యాడ మొదలుపెట్టేది?" అంది. మొదలుపెట్టే బటన్ తాకేదే ఉంచేశాను. నా బుర్ర సంగతి రాసుకోవడానికి ఈ పేజీ చాలదు.

మార్చాను. ఫోన్ ఎత్తి పట్టుకుంటే చాలు, ఆట మొదలు.

నవంబర్ 19

చిన్నమ్మ ఆడింది.

పని నుంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూర్చుని ఆడింది. ఎడమ, కుడి, ఎడమ, కుడి. ఫోన్‌తో పాటు తనూ ఊగింది. మూట నిండింది. నేను చప్పట్లు కొట్టబోతుంటే, మొహం చిట్లించింది.

"ఏం మే, మీ సుంకమ్మ నిలబడుకోని తీస్తాంది? పొద్దన్నుంచి మాపటిదాంక నడుము వంచి తీసేటోళ్ళం మేము. దీనికి నడుమే ల్యాదా? ఎవురు గీసినారు దీన్ని?"

ఇప్పుడామె తప్పు పట్టేది తన వేలిని కాదు, ఆటను! ఏడుపొచ్చింది నాకు, సంతోషంతో. ఆమె ఇంకా తిడుతూనే ఉంది.

నవంబర్ 20

చివరి రోజు.

నా దగ్గర రెండున్నాయి. తాకే ఆట సాఫీగా నడుస్తోంది. వంచే ఆట కొన్ని ఫోన్లలో తిక్క వేస్తోంది, సుంకమ్మ ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది. ఫారంలో ఇద్దరం ఒప్పుకున్నామని ఉండాలి.

మౌలాలి: "తాకేది పంపు అక్కా."

నేను: దానికి నేను ఒప్పుకోను. ఒకసారి పోయిందంటే అదే మన ఆట అవుతుంది. వంచేది పంపుదాం.

"పిచ్చి పట్టినట్ల తిరిగేదాన్ని పంపితే నా పేరు తీసెయ్. నా రెండేండ్లు అక్కా ఇవి."

ఐదు గంటలకు ఫారం మూసేశారు. ఏదీ పంపలేదు.

నవంబర్ 21

గూడూరాయన పంపాడట. గ్రూపులో అందరూ శుభాకాంక్షలు. నేనూ పెట్టాను. మౌలాలి ఫోన్ ఎత్తడం లేదు.

నేను చేసింది సరైనదే. వాడికి మాత్రం అన్యాయం చేశాను. ఈ రెండూ నిజమే, ఒకదాన్ని ఒకటి కొట్టివేయడం లేదు. అయినా మళ్ళీ అదే పని చేస్తాను. తిక్క ఎందుకేస్తోందో సగం తెలిసింది. పాత ఫోన్లకు వేరే లెక్క రాయాలి.

సుంకమ్మకు నడుమే లేదన్న చిన్నమ్మ తిట్లు ఆమెతో మళ్ళీ తిట్టించి, రికార్డ్ చేసి వాడికి పంపాను. వేరే ఏమీ రాయలేదు. విన్నట్టు గుర్తు పడింది.

నవంబర్ 23, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి చిన్నమ్మ ఇంటి ముందు మౌలాలి. పొద్దున బస్సుకు వచ్చాడట. నన్ను చూసి, బొమ్మ గీస్తున్న నోటుపుస్తకంలోకి తల దించేశాడు.

"వంగు చిన్నమ్మా. ఇంగ రోంత."

"కూలికి వంగి, నీకూ వంగాల్నా?" అంటూనే వంగింది. ఒడి కూడా కట్టుకుంది, ఎవరూ అడక్కుండానే. "ఈ చెయ్యి ఇట్ల పోతాది. సూడు. ఈ చెయ్యి ఇట్ల."

నేను రెండడుగుల దూరంలో కూర్చున్నాను. ఎంతకీ ఇటు చూడడు.

"చిన్నమ్మా, అక్కను అడుగు, ఎన్ని బొమ్మలు కావాల్నంట?"

"నలభై" అన్నాను.

"నలభై నా తోన కాదని సెప్పు. ఇరవై."

చిన్నమ్మ నడుము పట్టుకుని లేచి నిలబడింది. "నేనేమన్నా మీకు ఫోన్ అనుకున్నారా? ఆయమ్మ ఈన్నే ఉంది గదప్పా, నువ్వే సెప్పు!"

వాడు పేజీ తిప్పాడు.

"ముప్పై ఐదు" అన్నాను, గోడకేసి చూస్తూ.

వాడు పెన్సిల్ ఎత్తాడు. "వంగు చిన్నమ్మా" అన్నాడు.